మిషన్ పరిగెత్తిన పదకొండు కిలోమీటర్లు

మొదటి రోజు అతను పరిగెత్తింది మూడు వందల యాభై మీటర్లు. పార్కు బెంచీని కావలించుకుని రొప్పుతుంటే, పక్కనే షూ లేసు కట్టుకుంటున్న అమ్మాయి అడిగింది. "అంబులెన్స్ పిలవమంటారా, మంచినీళ్లు చాలా?"

అదీ పరిచయం. ఆమె ఫిజియోథెరపిస్టు. అతను గడియారాలు బాగుచేస్తాడు. పార్కు రన్నింగ్ గ్రూపుకి పెద్ద ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు. సభ్యుల్ని జంటలుగా విడగొట్టి, ఒకరి లెక్క ఒకరు అడగాలని రూలు పెట్టారాయన. అతని లెక్క అడగాల్సింది ఆమే. ఆ సంగతి తెలిసినప్పుడు అతని గుండె వేగం చూసి, చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండు 'కఠిన వ్యాయామం' అని రాసుకుంది.

పాపం, చెయ్యి ఊగితే చాలు, ఆ బ్యాండు పరుగే అనుకుంటుంది.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆమె మెసేజ్: "ఎంతైంది?" అర కిలోమీటరు కూడా కాలేదని రాయడానికి అతనికి సిగ్గేసింది. షాపులో ఆటోమేటిక్ వాచీలు ఆగిపోకుండా ఊపే చిన్న మిషన్ ఉంది. ఒకరోజు దానికి బ్యాండు తగిలించాడు. సాయంత్రానికి, కుర్చీలోంచి లేవకుండానే, ఆరు కిలోమీటర్లు పరిగెత్తేశాడు.

"నిన్ను ఆపేవాడు లేడు!" అంది ఫోన్లోని బ్యాండు యాప్. హెడ్మాస్టరుగారు గ్రూపులో అతని ఫొటో పెట్టి "చూసి నేర్చుకోండి" అన్నారు. అమ్మకి మాత్రం అనుమానం.

"అంత పరిగెత్తినా పొట్ట తగ్గదేంట్రా?"

"అది కండ, అమ్మా."

రెండు వారాల్లో లెక్క పదకొండుకి చేరింది. "నేను తొమ్మిదిలోనే ఉన్నా. రేపు చూడండి!" అని ఆమె రాస్తే మురిసిపోయాడు.

మర్నాడు సాయంత్రం వాచీకి బ్యాటరీ వేయించుకోవడానికి ఆమె షాపుకొచ్చింది, కుంటుకుంటూ.

"కాలికేమైంది?"

"మీ పదకొండు అందుకోబోయా. మోకాలు పట్టేసింది. అందరికీ మెల్లగా మొదలుపెట్టమని చెప్పేదాన్ని, నా బుద్ధేమైందో! మూడు వారాలు పరుగు బంద్."

దాచేస్తే దాగిపోయేదే. కానీ కౌంటరు కిందనుంచి మిషన్ తీసి ఆమె ముందు పెట్టాడు. బ్యాండు ఊగుతూనే ఉంది.

"మీరు పోటీ పడింది దీనితోనండీ."

ఫోన్ "శభాష్, ఎనిమిది కిలోమీటర్లు!" అంది. ఆమె నవ్వలేదు. వాచీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అతను నిజం గ్రూపులోనూ రాసేశాడు. హెడ్మాస్టరుగారు ఫొటో పీకేశారు. రాత్రి ఎనిమిదైనా "ఎంతైంది?" రాలేదు. ఆమె లేకపోతే తనకి కిలోమీటర్లెందుకో అతనికి అర్థం కాలేదు.

పొద్దున్నే బ్యాండు లేకుండా పార్కుకెళ్లాడు. బెంచీ మీద ఆమె. మోకాలికి పట్టీ, ఒళ్లో నోటుబుక్కు.

"పరిగెత్తండి. నా కళ్లకి కనబడిందే లెక్క."

పరిగెత్తొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"నాలుగు వందలు. యాభై పెరిగింది," రాసుకుంది. ఐదు నిమిషాలాగి అతని మణికట్టు పట్టుకుంది. "నాడి చూద్దామంటే నా వాచీ మీ దగ్గరే ఉండిపోయింది."

అతను జేబులోంచి తీసిచ్చాడు. కొత్త బ్యాటరీతో చక్కగా తిరుగుతోంది.

"నూట నలభై! ఈపాటికి తగ్గాలిగా?"

"మీరు చెయ్యి వదిలితే తగ్గుతుంది. మీరంటే ఇష్టం నాకు. ఇది మాత్రం మిషన్ లెక్క కాదు."

ఆమె ఒంటి చేత్తోనే 'నూట నలభై' అని రాసుకుంది. రెండో చెయ్యి వదల్లేదు.