బొట్టు పెట్టి పిలిచిన కచేరీ

అమలాపురంలో ప్రభాకరరావు మాస్టారి వీధరుగు మీద వయొలిన్ నేర్చుకునేవాళ్లందరూ గౌన్లు తొడుక్కునే పిల్లలే. వాళ్ల మధ్య చీరకొంగు దోపుకుని కూర్చునే మనిషి సత్యదుర్గ ఒక్కతే. ఆవిడకి ముప్పై దాటాయి. భర్త జగ్గారావు మస్కట్‌లో పడవల మీద పనికి వెళ్లి మూడేళ్లయింది, ఎప్పుడైనా ఇంటికి ఫోను చేస్తాడు. పిల్లల్లేరు. ఓడలరేవు దారిలోని ఊళ్లో, పెంకుటింట్లో, పొద్దు వాలేసరికి గోడలతో మాట్లాడే స్థితి వచ్చాక, పిచ్చెక్కకుండా ఉండడానికి వయొలిన్ పట్టుకుంది. ఆవిడ వాయించడం జగ్గారావు ఒక్కసారి కూడా వినలేదు.

వేళ్లు బాగానే తిరిగాయి. వచ్చిన చిక్కల్లా మనుషులతోనే. ఎవరైనా వింటున్నారని తెలిస్తే చాలు, చెయ్యి వణికి కమాను తీగ మీద గెంతేది. కిందటేడు దసరా పందిట్లో అలాగే వర్ణం మధ్యలో ఆగిపోయి, అందరి ముందూ ఏడ్చి దిగిపోయింది. పక్కింటి సుందరి ఆ ముచ్చట ఊరంతా పంచిపెట్టింది. ఈ ఏడు స్టేజీ ఎక్కకపోతే ఇక ఈ జన్మకి ఎక్కలేనని దుర్గకి తెలుసు.

"ముక్కూమొహం తెలియనివాళ్లంటేనే భయమమ్మా," అన్నారు మాస్టారు. "వాళ్లని నువ్వే పిలిచేవనుకో. మనం పిలిచినవాళ్ల ముందు వణుకుతామా? ఖాళీ కుర్చీలు వేసుకో. మనుషులున్నట్టే మర్యాద చేసి మరీ వాయించు."

"ఆయ్," అంది దుర్గ.

ఖాళీ కుర్చీలు ఉన్నది ఊరి చివర తుఫాను షెల్టర్లో. తొంభయ్యారు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్లని ఆ హాల్లోనే చాపల మీద వరసగా పడుకోబెట్టారు. రెండేళ్లు కావస్తున్నా ఊళ్లోవాళ్లు అటు తొంగిచూడరు. దుర్గకి ఆ పట్టింపు లేదు. ఆవిడ భయమంతా బతికున్నవాళ్లతోనే.

ఒక మధ్యాహ్నం కాపలా నూకరాజు దగ్గర తాళం తీసుకుని వెళ్లింది. కిటికీల్లోంచి ఉప్పుగాలి. లోపల తడిసున్నం వాసన. ఇనపకుర్చీలు వరసలుగా వేసింది. ఇంకొకరైతే ఒక నమస్కారం పెట్టి సరిపెట్టేవారు. కోనసీమ మనిషికి మర్యాద చెయ్యమని చెబితే అంతటితో ఊరుకుంటుందా? కుంకుమ భరిణె తీసి, కుర్చీ కుర్చీకీ బొట్టు పెట్టింది. "దశమినాడు మా కచేరీ అండీ. మీరందరూ తప్పకుండా రావాలండీ," అని ప్రతి కుర్చీ ముందూ వంగి పిలిచింది. బొట్టు పెట్టి పిలిస్తే పగవాడైనా రావలసిందేనని ఈ సీమలో ఆడపిల్లకి ఉగ్గుపాలతోనే చెబుతారు. ఆ పూట ఆ సంగతి ఆవిడకి తట్టలేదు.

వాయించింది. చెయ్యి వణకలేదు. ఇక రోజూ వెళ్లడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకి ఒక తేడా తెలిసింది. మొదట్లో ప్రతి స్వరమూ ఖాళీ గోడలకి కొట్టుకుని తిరిగొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. నిండు పందిట్లో పాట మనుషుల్లోకి ఇంకిపోయినట్టు ఇంకిపోతోంది. భయపడవలసింది పోయి, దుర్గకి అది హాయిగా అనిపించింది. ఒంటరితనం అంత చెడ్డది.

దశమి సాయంత్రం పందిరి కిటకిటలాడింది. ట్యూబులైట్ల చుట్టూ పురుగులు, ఉడికిన శనగల వాసన, పిల్లల గోల. దుర్గ స్టేజీ మీద కూర్చుని కమాను ఎత్తింది. చెయ్యి వణకడం మొదలైంది...

కరెంటు పోయింది.

జనం ఒక్కసారి అరిచారు. ఆ అరుపు దూరంగా, ఇంకా దూరంగా వెళ్లి... ఆగిపోయింది. ఎక్కడినుంచో తడిసున్నం వాసన వచ్చింది.

కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. ఎదురుగా వరసలు కనిపించాయి. అందరూ కూర్చునే ఉన్నారు. ఎవరూ దగ్గడం లేదు. విసనకర్ర ఊపడం లేదు. ఒళ్లో పసిబిడ్డలు కూడా కదలడం లేదు. అన్ని మొహాలూ తనకేసే... తన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ ఏనాడూ వినలేదు. దుర్గకి కళ్లనీళ్లు తిరిగాయి. వర్ణం ఎత్తుకుంది. మైకు లేకుండానే చివరిదాకా, ఎక్కడా తడబడకుండా వాయించింది.

ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచి దగ్గరికి వచ్చింది. చెవి దగ్గర చల్లటి ఊపిరి.

"బాగా వాయించేరమ్మా. ఇన్నాళ్లకి మమ్మల్ని పిలిచిన మనిషి మీరే. మా ఇంటికీ రావాలి మరి. రేపు కబురెడతాం."

"ఆయ్, తప్పకుండా వస్తానండీ."

నోటికి అలవాటైన మాట. ఆలోచించేలోపే వచ్చేసింది.

లైట్లు వెలిగాయి. ఎదురుగా స్టేజీ వెనక కట్టిన నీలం పరదా ఉంది. దాని వెనక చేలు. అంతే.

వీపు వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. దుర్గ మెల్లగా తిరిగి చూసింది. పందిరి నిండా ఊళ్లోవాళ్లు. సుందరి కూడా చప్పట్లు కొడుతోంది. మాస్టారు గబగబా మెట్లెక్కి వచ్చారు.

"ఎంత బాగా వాయించేవు తల్లీ! కానీ... మాకు వీపు పెట్టి అటు తిరిగి కూర్చున్నావేంటమ్మా?"

దుర్గ వయొలిన్ పెట్టెలో పెట్టేసి మెట్లు దిగిపోయింది.

మర్నాడు దీపాలవేళకే తలుపు గడియ వేసుకుంది. వీధి సద్దుమణిగింది. కుక్కలు కూడా మొరగడం లేదు. అప్పుడు తలుపు మీద ఎవరో తట్టారు. మెల్లగా... మర్యాదగా. నిన్నటి ముసలావిడ గొంతే.

"దుర్గమ్మగారూ... బయలుదేరేరా అండీ?"

దుర్గ గడియ తియ్యలేదు. "ఒంట్లో బాగోలేదండీ. ఇంకోసారి వస్తాను."

"అయ్యో. మావాళ్లందరూ వచ్చి కూర్చున్నారండీ."

ఏం చెబితే వెళతారు? ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడికైనా రానని చెప్పడానికి ఆడే మాటే నోటికొచ్చింది.

"మావారు ఊళ్లో లేరండీ. ఆయన లేకుండా నేనెక్కడికీ రానండీ."

ఆ గొంతు ఎంతో జాలిగా, గుసగుసగా అంది.

"ఆయనా వచ్చేరండీ... ఇందాకే. తడిబట్టలు కూడా మార్చుకోలేదు పాపం. మీ వయొలిన్ వింటానని కూర్చున్నారు."

తలుపవతల ఒక మగమనిషి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

లోపలి గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది.