పటేల్ బావి దగ్గర పౌడర్ డబ్బా

"ఈసారి నీ వేషం పళ్లపొడి అమ్మేవాడు," అన్నాడు కల్నల్.

ఏజెంట్ గుర్వయ్య నవ్వాడు. అంటే పెదవులు విడిచాడు, అంతే. మర్రిగూడ పక్క ఊళ్లో పుట్టి అక్కడి బావినీళ్లు తాగి పెరిగినవాడు కాబట్టి అతని పళ్ల మీద గోధుమరంగు గీతలు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. ఆ పళ్లతో పళ్లపొడి అమ్మడమంటే బట్టతలవాడు జుట్టునూనె అమ్మినట్టే. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన కల్నల్‌కు ఆ సంగతి తట్టలేదు. గుర్వయ్యకు చెప్పబుద్ధి కాలేదు. ఈమధ్య అతనికి ఏదీ చెప్పబుద్ధి కావడం లేదు. ఎదురుగా మనిషి కూలిపోతే చేతి గడియారం చూసుకోవడం అలవాటైపోయింది.

1948 సెప్టెంబర్. బెజవాడలో ఓ బియ్యం మిల్లు మేడ మీద సీక్రెట్ ఆఫీసు. కిందనుంచి ఊక దుమ్ము పైకి లేస్తోంది.

"సముద్రం అవతలి ఆయుధాల ముఠా," కల్నల్ మ్యాప్ మీద వేలు పెట్టాడు. "బాస్ కోడ్ నేమ్ కమోడోర్. నిజాం రాజ్యంలో యుద్ధం తొందరగా ముగిస్తే వాడి తుపాకులు ఎవడు కొంటాడు? అందుకే ప్లాన్. మన సైన్యం దళం ఒకటి ఎర్రగుంటలో ఆగుతుంది. పటేల్ బావి నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లలో విషం ఉంటుంది."

"దళం చస్తది."

"మిగతా సైన్యం పగతో ఊళ్ల మీద పడుతుంది. యుద్ధం ఏళ్లు సాగుతుంది. అదీ వాడి లెక్క."

"కలిపేది ఎవరు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? అక్కడ డాక్టర్ భిక్షపతి అనే సైంటిస్ట్ బావినీళ్లు టెస్ట్ చేస్తూ క్యాంప్ వేశాడు. ఆయన దగ్గర నర్సు వేషంలో మన ఏజెంట్ మంజులత ఉంది. ఆ ఊరి పెద్దింటి బిడ్డేనట, అక్కడే పెరిగిందట. కోడ్ వర్డ్ 'ఉప్పు కలిసిందా?' జవాబు 'పచ్చకర్పూరం కలిసింది.' వెళ్లు."

పళ్లపొడి పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్. దువ్వెన పిడిలో కత్తి. గుర్వయ్య బయల్దేరాడు.

ఎర్రగుంటలో ఒక్క పొట్లం అమ్ముడుపోలేదు. అరుగు మీద నడుం వంగిన ముసలాయన ఒకడు తల ఎత్తలేక కళ్లు మాత్రం ఎత్తి చూశాడు. "పండ్లకేమొద్దు గని, నడుములు సాపుజేసే పొడుంటే ఇయ్యి బిడ్డా. ఊరంత కొంటం."

ఊరి బయట గుడారంలో డాక్టర్ భిక్షపతి సీసాల మధ్య కూర్చున్నాడు. పళ్లపొడి మనిషి నోరు చూడగానే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. మాట్లాడేవాడు దొరికితే చాలన్నంత కరువులో ఉన్నాడాయన.

"ఆరేండ్ల సంది చెప్తున్న, పటేల్ బావి మూసెయ్యిండ్రని," అన్నాడు. "లోతు బావి. రాయిల కెల్లి ఊరుతది. గా నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది. పండ్లు మొదలు పోతయి, ఎనుక బొక్కలు వంగుతయి. ఎవడింటడు? మా తాతలు తాగిండ్రంటరు. చల్ల పోసి సాగనంపుతరు."

"ఊరంత గట్లనే ఉన్నదా?"

"మాలవాడ తప్ప. వాళ్లను బావికాడికి రానియ్యరు గద. వాగుల ఇసుక తోడి చెలిమెలు తీస్కొని తాగుతరు. గా వాడల పిల్లల పండ్లు జూడు, ముత్యాలు."

అప్పుడే గుడారం తెర తొలిగింది. తెల్ల చీర, నల్ల కళ్లద్దాలు, పారిస్ సెంటు. మంజులత! హైదరాబాదు క్లబ్బుల్లో నవాబులు ఈమె కోసం కొట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

"ఉప్పు కలిసిందా?" అంది మెల్లగా.

"పచ్చకర్పూరం కలిసింది."

ఆమె నవ్వింది. తెల్లటి పళ్లు, ఒక్క గీత లేదు.

గుర్వయ్య ఆ నవ్వును చూస్తూ ఉండిపోయాడు. ఇంకెవరైనా అయితే ప్రేమలో పడేవారు. "ఏ నీళ్లు తాగి పెరిగినవమ్మా?" అన్నాడు.

"పటేల్ బావి నీళ్లే. ఇంకేం ఉన్నాయి ఇక్కడ?"

సాయంత్రం వైర్‌లెస్ మీద మూడు మాటలు పోయాయి. మంజులత డబుల్ ఏజెంట్. జవాబు వెంటనే వచ్చింది. దళం బయల్దేరింది, బావిని వదలకు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. సిపాయిలకు వంటలు చేయాలని ఊరంతా పటేల్ వాకిట్లో చేరింది. బావి దగ్గర ఎవరూ లేరు. గుర్వయ్య మోట తొట్టి వెనక కూర్చున్నాడు. ఎండకు రాయి కాలుతోంది. అతనికి తెలియడం లేదు.

మంజులత వచ్చింది. వ్యానిటీ బ్యాగ్‌లోంచి టాల్కం పౌడర్ డబ్బా తీసి గచ్చు అంచున నిలబడింది. లోపల ఉన్నది పౌడర్ కాదు, పాషాణం.

"ఆగు."

ఆమె వెనక్కి తిరిగింది. రెండో చేతిలో చిన్న పిస్టల్. "దగ్గరికి రాకండి."

"నీ పేరు మంజులత గాదు. పెద్దింటి బిడ్డవు గాదు."

"ఎవరు చెప్పారు?"

"నీ పండ్లు. గీ బావి నీళ్లు తాగినోళ్లకు గసుంటి పండ్లుండయి. నువ్వు వాడల పుట్టినవు."

ఈసారి ఆమె నోట క్లబ్బు భాష పోయింది.

"ఏస్తేరు నా పేరు. చిన్నప్పుడు నాకు జెరమొస్తే మా అమ్మ గీ బావిల కడవ ముంచింది. గీ గచ్చు మీదనే కొట్టిండ్రు. కడవ పలగ్గొట్టిండ్రు. నేను జూసిన."

"గప్పుడు కొట్టినోళ్లు గిప్పటికి సచ్చిపోయుంటరు."

"బావి సావలే గద. కమోడోర్ ఏ బావి అంటే, నేనే జెప్పిన గీ బావని."

"పొరపాటు జేసినవు," అన్నాడు గుర్వయ్య. గొంతులో కోపం లేదు, జాలి లేదు. "విషం కొత్తగ పొయ్యనక్కర లేదు. పుట్టుకతోనే ఉన్నది. మా ఊరి బావి గూడ గిసుంటిదే. మా నాయిన సచ్చిపోతే పాడె మీద సాపుగ పండవెట్టలేకపోయినం. పక్కకు పండవెట్టి మోసినం. నాకు రెండేండ్ల సంది చేతివేళ్లు మొద్దువారినయి. మీరు చెలిమె నీళ్లు తాగిండ్రు కాబట్టి మీకు మేలైంది."

"మేలంటవా దాన్ని? తన్ని ఎల్లగొట్టుడు మేలా?"

గుర్వయ్య తల దించుకున్నాడు. "అనను. నేనన్నది తప్పే."

దూరంగా లారీల హారన్ మోగింది. ఏస్తేరు ఉలిక్కిపడింది. పోయాలనుకుందో, కింద పెట్టేయాలనుకుందో ఆమెకే తెలియదు. డబ్బా చేయి జారింది. మూత ఊడుతూ గచ్చు మీద దొర్లి అంచు దాటింది.

గుర్వయ్య దూకాడు. పొట్ట రాతికి కొట్టుకుంది. చేయి బావిలోకి సాచాడు. వేళ్లకు స్పర్శ లేదు కాబట్టి కిందికి తొంగి చూస్తేగానీ తెలియలేదు, డబ్బా చేతిలోనే ఉందని. మూత కూడా ఉంది. ఒక్క రవ్వ కూడా నీళ్లలో పడలేదు.

ప్లాన్ ఫెయిల్! దళం బతికింది, ఊరు బతికింది. గుర్వయ్యకు సంతోషం కలగాలి. దానికోసం కాసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. కింద నీళ్లు నిశ్చలంగా, చల్లగా, తాగబుద్ధయ్యేట్టు మెరుస్తున్నాయి.

ఏస్తేరు పిస్టల్ గచ్చు మీద పెట్టింది. "కమోడోర్ ఏడుంటడో జెప్త," అంది. "నన్ను పట్టియ్యి. గని గీ నీళ్లు..."

"ఎరికే," అన్నాడు గుర్వయ్య. డబ్బాను పళ్లపొడి పొట్లాల అడుగున దాచేశాడు.

జీపు ఆగింది. కల్నల్ దిగాడు. హారన్ విని డాక్టర్ భిక్షపతి కూడా గుడారంలోంచి పరుగెత్తుకొచ్చాడు. "రిపోర్ట్!"

"ముఠా మనిషి దొరికింది సార్. బాస్ అడ్రస్ చెప్తుంది. కానీ డబ్బా బావిలో పడింది. ఆపలేకపోయిన."

కల్నల్ మొహం నల్లబడింది. "నీ సర్వీసులో ఇదే మొదటి ఫెయిల్యూర్, గుర్వయ్యా."

"అవును సార్."

"ఈ విషం ఎన్నాళ్లుంటుంది?" కల్నల్ డాక్టర్ భిక్షపతి వైపు తిరిగాడు. సైంటిస్ట్ గుర్వయ్య కళ్లలోకి చూశాడు. పళ్లపొడి పెట్టె వైపు చూశాడు. రాయిలోంచి ఊరే విషాన్ని మనసులో పెట్టుకుని, ఒక్క అబద్ధమూ ఆడకుండా జవాబు చెప్పాడు.

"ఎన్నటికి పోదు సార్. మూసెయ్యాలె."

ఆరేళ్లు బతిమాలితే కాని పని అరపూటలో అయింది. సిపాయిలు బండరాళ్లు, మట్టి దింపారు. జీపు ఎక్కేముందు ఏస్తేరు వాడ వైపు ఒకసారి చూసింది. అటు వెళ్తానని అడగలేదు.

తెల్లారి వాగు దగ్గర వరస. ముందు పటేల్ మారయ్య, కొత్త కండువా, చేతిలో ఇత్తడి బిందె. ఇసుకలో చెలిమె తోడి, కొబ్బరిచిప్పతో నీళ్లు ఎత్తుతున్నది ఏస్తేరు తల్లి జానమ్మ. ఈ వాగులో నీళ్ల జాడ ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"జానమ్మా," పటేల్ గొంతు సవరించుకున్నాడు. "జర గిన్ని నీళ్లు."

జానమ్మ తల ఎత్తలేదు. "చెప్పులిడ్సి దూరం నిలవడు పటేలా. మీద మీదికొస్తె చెలిమె కూలుతది. బిందె ఆడ పెట్టు, నేను పోస్త."

పటేల్ చెప్పులు విడిచాడు. వెనక వరసంతా విడిచింది.

అదే వేళకు వైర్‌లెస్ టకటకమంది. మిషన్ ఫెయిల్ అయినందుకు సంజాయిషీ ఇవ్వాలట, వెంటనే. గుర్వయ్య సెట్ ఆఫ్ చేసి, చెప్పులు విడిచి, చెంబు పట్టుకుని వరస చివర నిలబడ్డాడు.