మూసిన తలుపు వెనక ట్రంపెట్

వగ్దీ ట్రంపెట్ ఊదితే నైలు మీద తెరచాపలు ఉబ్బేవని షుబ్రా వీధుల్లో ఇప్పటికీ చెబుతారు. గాలి లేని రోజున పడవవాళ్ళు ఆయన కిటికీ కింద నిలబడి బతిమాలేవారట. కొడుకు బహ్గత్ రోడ్డు ప్రమాదంలో పోయాక ఆయన ఊదడం మానేశాడు, ఇంట్లో ఇంకెవర్నీ ఊదనివ్వలేదు.

ఆ ఉదయం ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ గిన్నె ముందు కూర్చుని, "నజాత్, మన బహ్గత్ మళ్ళీ వాయించాడే. బీరువాలోంచి వినబడింది," అన్నాడు.

"దయ్యాలకు మన బీరువాయే దొరికిందా?" అంది భార్య. "తినండి జడ్జి గారూ, ఆలస్యమవుతోంది."

కూతురు ఇన్షిరాహ్ తలెత్తకుండా రొట్టె తుంచుకుంది.

ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ చోటు ఒకటే ఖాళీ; ఆ ఎంపిక పరీక్షకు వగ్దీ న్యాయనిర్ణేత. వినేవాళ్ళకూ వాయించేవాళ్ళకూ మధ్య నల్ల తెర. అడుగుల చప్పుడు బట్టి ఆడో మగో తెలియకుండా తివాచీ. పేర్లు లేవు, అంకెలే. వగ్దీ ఒకడిని తాళం తప్పాడని, ఇంకొకడిని పై స్వరం గీరుకుపోయిందని కొట్టేస్తూ పోయాడు.

అంతలో తెర వెనక, పై స్వరానికి ముందు, ఎక్కిలిలాంటి చిన్న ఊపిరి. అక్కడ ఊపిరి తీసుకోకూడదు. బహ్గత్ ఒక్కడే తీసుకునేవాడు.

పెన్సిలు జారిపడింది. "ఈ ఊపిరి నాకు తెలుసు. నేను మార్కు వేయకూడదు," అని లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి, "బహ్గత్ వచ్చాడే!" అన్నాడు నజాత్‌తో. కాసేపటికి గుమ్మంలో ఇన్షిరాహ్, చేతిలో అన్న ట్రంపెట్ పెట్టె.

"నువ్వా! వాడి ఊపిరి కూడా దొంగిలించావా?"

"అది ఎప్పుడూ నాదే నాన్నా! అన్నయ్య కిటికీ దూకి బంతాటకు పోయేవాడు. తలుపేసుకుని వాయించింది నేను. మీరేమో వంటింట్లోంచి 'శభాష్ బహ్గత్' అని అరిచేవారు. మీ ఎదుట వాడు తడబడితే భయం అనుకున్నారు. ఈమధ్య బీరువాలో దూరి ఊదిందీ నేనే."

"అయితే వాడిది నాకేం మిగిలిందే?"

"కిటికీ దూకేటప్పుడు నవ్వేవాడు, నాన్నా. అది వాడిదే." కళ్ళు తుడుచుకుంది. "నన్ను రెండో విడతకు పిలిచారు. అక్కడికి మీరు రాకూడదు."

గదిలోకి వెళ్ళి అలవాటుగా తలుపేసుకుంది. వగ్దీ వంటింట్లో నిలబడి విన్నాడు. మళ్ళీ ఆ ఎక్కిలి. వెళ్ళి తలుపు తోశాడు.

"అక్కడ ఊపిరి తీసుకోకూడదు, ఇన్షిరాహ్," అన్నాడు. "శభాష్."

ఆమె కిటికీ వేయబోయింది.

"ఉండనీ అమ్మా," అన్నాడు. "వాడు ఆటలోంచి వచ్చే వేళ."