ఆరూ వచ్చాయా?

ఆ ఎడిటింగ్ స్టూడియోలో వరండా చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుపోయాక అందులో ఒంటరిగా కూర్చోమంటే ఎంత మొనగాడైనా ఏదో సాకు చెప్పి తప్పుకుంటాడు. ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి పెళ్లాం ఫోను. వెనక గోడకి, ఎడమవైపున్న స్పీకర్‌లోంచి... ఎవరో గొంతు సవరించుకుంటారట.

నేను కరెంటు పని చేసేవాణ్ణి. వైరు లేనిదే స్పీకరు పలకదు — నాకు తెలిసింది అంతే. అందుకే మా మరదలు ఈ సంగతి చెప్పినప్పుడు ముందు పడీపడీ నవ్వాను. తను నవ్వలేదు.

మా మరదలు ఎడిటర్. చేతిలో ఉన్నది తన మొదటి సినిమా. దానికి సౌండ్ చేసిన పెద్దాయన్ని స్టూడియోలో అందరూ బాబాయ్ అనేవాళ్లు. మహా చాదస్తం మనిషి. థియేటర్లో ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, గుండెలు దడదడలాడించే పెద్ద పెట్టె ఒకటి — మొత్తం ఆరు దారుల్లో శబ్దం రావాలి. అందుకని సినిమాని ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడల్లా, అంటే ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా బయటికి తీసినప్పుడల్లా, తలుపు సందులోంచి తల పెట్టి ఒకటే ప్రశ్న.

"ఏమే తొందరా... ఆరూ వచ్చాయా?"

మా మరదలికి ప్రతిదానికీ తొందరే, అందుకా పేరు. ఆయన తప్ప ఇంకెవరూ అలా పిలిచేవాళ్లు కాదు.

ఆ సినిమాకి ప్రాణమంతా ఆఖరి సీనులోనే ఉంది. చూపులేని తల్లి ఖాళీ ఇంట్లో కూర్చుని ఉంటుంది. తెర మీద ఇంకెవరూ ఉండరు. అప్పుడు వెనక, ఎడమవైపు నుంచి, పోయాడనుకున్న కొడుకు గొంతు — "అమ్మా..." తల్లి నవ్వుతుంది. అయిపోయింది సినిమా. ఆ ఒక్క పిలుపుకి హాలంతా వెనక్కి తిరిగి చూడాలని బాబాయ్ పంతం. అది వినపడలేదా, ఆవిడ ఎందుకు నవ్విందో ఎవరికీ అర్థం కాదు. మా మరదలి కష్టమంతా గంగలో కలిసినట్టే.

ఆ పిలుపుని అక్కడ అమర్చిన కొన్నాళ్లకే, అదే గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే... బాబాయ్ పోయాడు. గొంతు సవరింపులు మొదలైంది ఆ తర్వాతే.

తెల్లారితే మొదటి ఆట. రాత్రికల్లా ఫైలు థియేటర్‌కి పంపాలి. ఆరు స్పీకర్లూ ఉన్నది ఆ చివరి గదిలోనే, కాబట్టి మరదలు ఒక్కతే అందులో కూర్చుంది. ఎక్స్‌పోర్ట్ నొక్కింది. ఫైలు వచ్చింది. ఎప్పుడెప్పుడు బయటపడదామా అన్న తొందరలో ఆఖరి సీను మాత్రం పెట్టి చూసింది.

ఖాళీ ఇల్లు... తల్లి... నిశ్శబ్దం... పిలుపు రావాల్సిన చోటు రానే వచ్చింది.

"ఏమే తొందరా..."

వెనక నుంచి. ఎడమవైపు నుంచి.

ఒళ్లంతా చల్లబడిపోయిందట. తెర మీద తల్లి నవ్వుతోంది. మళ్లీ, ఈసారి ఇంకా దగ్గరగా — "...ఆరూ వచ్చాయా?"

బ్యాగు లాక్కుని తలుపు దాకా పరిగెత్తింది. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఆ గది దాటడం తనకి అలవాటు లేదు. వెనక్కొచ్చి ఫైలు వివరాలు తెరిచి చూసింది.

ఆరు లేవు. రెండే ఉన్నాయి.

పగలంతా ఫోన్లలో చూసే చిన్న చిన్న ట్రైలర్లు తీసింది. వాటికి స్టీరియో చాలు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఆ సెట్టింగ్ మార్చడం మరిచిపోయి సినిమాని కూడా అలాగే తీసేసింది. వెనక శబ్దాలన్నీ ఎగిరిపోయాయి, ఆ "అమ్మా" తో సహా. సెట్టింగ్ మార్చి, మళ్లీ తీసి, మళ్లీ విని, పంపించి ఇంటికొచ్చి పడింది.

"పోనీలే, సమయానికి పట్టుకున్నావుగా" అన్నాను పొద్దున్న థియేటర్‌కి వెళ్తూ.

"పట్టుకున్నది నేను కాదు బావా" అంది గొంతు తగ్గించి. "ఆ ఫైల్లో వెనక స్పీకర్లకి శబ్దమే లేదు. మరి అదెలా పలికింది?"

"ఆంప్లిఫయర్ ఏదో వేషం వేసుంటుందే. కొన్ని అంతే, ముందు శబ్దాన్నే వెనక్కి తోస్తాయి."

"తోస్తే తోసింది. నన్ను తొందర అంటారని దానికెవరు చెప్పారు?"

అయినా నేను నమ్మలేదు.

ఆటకి తన పక్కనే కూర్చున్నాను. ఆఖరి సీను వచ్చింది. ఖాళీ ఇల్లు... తల్లి...

"అమ్మా..."

హాలు హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. మా ఆవిడ తిరిగింది, నేనూ తిరిగాను. మా మరదలు ఒక్కతే తిరగలేదు. బొటబొటా కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండా, తెర వైపే చూస్తూ, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది —

"వచ్చాయి బాబాయ్... ఆరూ వచ్చాయి."

నేనింకా వెనక్కి తిరిగే ఉన్నాను. సరిగ్గా మా వెనక సీటు ఖాళీ. నా కళ్లతో చూస్తూనే ఉన్నాను... ఆ ఖాళీ సీట్లోంచి, తీరిగ్గా గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత, తృప్తిగా —

"ఊఁ..."

సీటుకి వైరు ఉండదు కదండీ.