సాక్షి ఫోన్ నంబరు

"అయ్యో, ఆ పుల్ల విరవకండి!" అంది రేలీన్.

"విరిస్తేనే నిలబడుతుందండీ. నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను" అన్నాడు ఎదురుగా కూర్చున్న నల్లజుట్టాయన. పేరు డెస్.

"అయితే పునాది వెడల్పుగా ఉండాలని తెలియదా?"

ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో కొత్తగా తెరుస్తున్న హార్డ్‌వేర్ షాపులో ఇంటర్వ్యూ అది. పన్నెండు మందిని జంటలుగా కూర్చోబెట్టి, పచ్చి స్పగెటీ పుల్లలు, మెత్తటి మిఠాయి ఉండలు ఇచ్చి గోపురం కట్టమన్నారు. రేలీన్ ఇరవై మూడేళ్లు పెయింట్ కౌంటర్‌లో పనిచేసింది. ఆ షాపు మూతపడ్డాక ఇది నలభై ఒకటో దరఖాస్తు. పెయింట్ గురించి ఇక్కడ ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

చివరికి పునాది ఆమెది, పైభాగం అతనిది. ఆరు గోపురాల్లో నిలబడింది అదొక్కటే. డెస్ కన్ను గీటాడు. ఆమె నవ్వు ఆపుకుంది.

మేనేజరు టీగన్‌కు పాతికేళ్లుంటాయి. చప్పట్లు కొట్టింది. "డెస్, సోమవారం నుంచి ట్రయల్‌కి వచ్చేయండి. రేలీన్, మీకు అనుభవం మరీ ఎక్కువ. మాదంతా కుర్ర టీమ్ కదా, మీకు బోర్ కొడుతుంది."

"నాకు బోర్ కొడుతుందో లేదో నన్నడగవా అమ్మాయ్?"

టీగన్ తియ్యగా నవ్వి, నిలబడ్డ గోపురాన్ని కూడా కూలినవాటితో పాటే చెత్తబుట్టలోకి తోసేసింది. డెస్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

రేలీన్ బస్ స్టాపు చేరేసరికి వాన. వెనకాలే డెస్ తడుస్తూ వచ్చాడు. చెవుల పక్కనుంచి నల్లటి ధారలు కాలర్ మీదికి దిగుతున్నాయి.

"మీ వయసు కారుతోందండీ!"

అతను తడుముకుని చెయ్యి చూసుకున్నాడు. "యాభై తొమ్మిది. మా చెల్లి వేసింది రంగు. లేకపోతే ఎవరూ పిలవరంది."

"నాకంటే మూడేళ్లు పెద్ద! మరి ఆ పిల్ల నన్నలా అంటుంటే మీ నోట్లో మిఠాయి ఉండ ఉందా?"

డెస్ గిరుక్కున తిరిగాడు. వానలోనే షాపు వైపు నడిచాడు.

ఒక బస్సు పోయింది. రెండోదీ వదిలేసింది రేలీన్.

ముఖమంతా నల్లచారలతో తిరిగొచ్చాడు. "చెప్పేశాను. నాకు యాభై తొమ్మిది, ఆ పునాది ఆవిడ వేసింది, ఇప్పుడు నాకూ బోర్ కొడుతుందా అని."

"ఏమంది?"

"మళ్లీ ఫోన్ చేస్తామంది."

"అంటే పోయినట్టే! మతి ఉందా మీకు?"

"వాళ్లు ఉద్యోగం ఇచ్చింది ఈ రంగుకి, రేలీన్. నాకు కాదు."

ఆమె చేతిరుమాలు తీసి అతని మెడ గట్టిగా తుడిచింది. "జాలితో కాదు. ఒళ్లు మండిపోతోంది నాకు."

తర్వాత ఫోన్‌లో, వయసు చూసి ఉద్యోగం ఇవ్వనివాళ్ల మీద ప్రభుత్వానికిచ్చే ఫిర్యాదు ఫారం తెరిచింది. నలభై ఒక్క దరఖాస్తుల్లో దాచిన పుట్టిన సంవత్సరం ఇందులో అన్నిటికన్నా ముందు నింపింది.

"సాక్షి పేరు మీదే. ఫోన్ నంబరు?"

చెప్పాడు. ఆమె ఒక్కో అంకె తిరిగి చదివి సరిచూసుకుంది.

"ఈ నంబరు ఫిర్యాదుకేనా?" అన్నాడు డెస్.

"ముందు ఫిర్యాదుకి. సోమవారం కాఫీకి రాగలరా? ఏమైనా పనుందా?"

"ఇప్పుడేగా పోగొట్టుకుని వచ్చాను!"