ప్రసన్న గారి పాత సిస్టం

టీ తాగి వచ్చేసరికి ప్రసన్న సిస్టం పొట్ట విప్పి ఉంది.

విప్పినవాడు నేలమీద బాసింపట్టు వేసుకుని, టార్చిలైటు పళ్ళమధ్య పెట్టుకుని, దాని లోపలికి తొంగి చూస్తున్నాడు. ఊడదీసిన మరలన్నీ ప్రసన్న టిఫిన్ బాక్సు మూతలో పోసి ఉన్నాయి. బయట ఆషాఢం వాన పొద్దుట్నుంచీ ఒకటే పోత. ఆమె గొడుగు మడవడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరండీ మీరు?"

అతను టార్చి తీసి, "మోహనండీ. మాణిక్యాలరావు గారు చూడమన్నారండీ," అన్నాడు.

"చూడమంటే కోసేయడవేనా? అందులో నాలుగు పెళ్ళిళ్ళున్నాయండీ!"

"ఒక కాపురం కూడా ఉందండీ," అంటూ అతను అరచెయ్యి చాపాడు. అందులో రెండు బల్లి గుడ్లు.

ఇంకోరోజైతే ప్రసన్నకు నవ్వొచ్చేదే. ఈమధ్య నవ్వడానికి కూడా ఓపిక ఉండటంలేదు.

మలికిపురం సెంటర్లో మాణిక్యాలరావు గారి ప్రెస్సులో ఆమె డీటీపీ ఆపరేటరు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, దినకర్మ కార్డులు, ఇలా చుట్టుపక్కల మనుషుల మంచీ చెడూ ఆమె వేళ్ళ కిందినుంచి పోవాల్సిందే. ముప్పై దాటింది. తండ్రి లేడు. తల్లి వీరాయమ్మకు మోకాళ్ళు పట్టేసి గడప దాటడం లేదు. పొద్దున వంట, పగలు టైపింగు, సాయంత్రం మళ్ళీ వంట. కార్డు కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ, "అందరి కార్డులూ కొడతావు, నీది ఎప్పుడమ్మా?" అని అడిగి ముచ్చటపడతారు. వాళ్ళ ముచ్చటకి నవ్వీ నవ్వీ ఆమెకు దవడలు నొప్పిపుట్టాయి.

దీనికి తోడు ఇప్పుడీ సిస్టం గొడవ. మీ కంప్యూటరుకి ఇక మా సపోర్టు ఉండదు, అప్‌డేట్లు రావు అని తెరమీద కనిపించిన దగ్గర్నుంచీ మాణిక్యాలరావు గారు దానికి నీళ్ళొదిలేసినట్టే మాట్లాడుతున్నారు. కొత్తది కొందామంటే ప్రసన్న వాడే పాత తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరు అందులో ఎక్కదు. దాన్ని చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అది లేకపోతే మేటరు ఫోన్లో రాజమండ్రి పంపి, అక్కడ కొట్టించి తెప్పించుకుంటే సరిపోతుందని ఆయనకి ఎవరో నూరిపోశారు. అప్పుడిక ఇక్కడ ఆపరేటరుతో పనేముంది? ఆ మాట ఆయన పైకి అనలేదు. అనక్కర్లేదు. సిస్టం వెళ్ళిన రోజే తనూ వెళ్తుందని ప్రసన్నకు తెలుసు.

మాణిక్యాలరావు గారు లోపల మిషను దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఏవయ్యా మోహనూ, ఎన్నాళ్ళు బతుకుద్దంటావ్?"

"దీనికి రోగం ఏవీ లేదండీ. కంపెనీవాళ్ళు ఇకమీదట కాపలా కాయరు, అంతేనండీ. ఇంటర్నెట్టుకి తగిలిస్తే భయం గానీ, తగిలించకుండా టైపింగొక్కటీ చేసుకుంటే ఇంకా చాలా ఏళ్ళు పనిచేద్దండీ."

"మరి వాట్సాపులూ మెయిళ్ళూ?"

"నా దగ్గరో ముసలి లాప్‌టాప్ ఉందండీ. దాంట్లో లైనక్సు ఎక్కించి ఇస్తాను. అది ఊరికే దొరుకుద్ది, అప్‌డేట్లూ వస్తాయి. బయటి పనులు దాంతో, లోపలి పని దీంతో."

ఆయన కాసేపు చెవి వెనక గోక్కున్నారు. "సరే, శ్రావణం కార్డులు అయ్యేదాకా చూద్దాం. ఈలోగా ఇది ఏ పెళ్ళికార్డయినా చెడగొట్టిందంటే మాత్రం పాత సామాన్లోడికి ఇచ్చేత్తాను. ఏవమ్మాయ్, విన్నావా?"

ప్రసన్న విన్నది. ఆయన లోపలికి వెళ్ళాక గొడుగు మడిచి మూలన పెట్టింది.

"మీరు కొత్తది అంటగట్టడానికి వచ్చేరనుకున్నానండీ," అంది.

"తాటిపాకలో హరిబాబు కంప్యూటరు షాపులో కూర్చుంటున్నానండీ. కొత్తవి బోల్డున్నాయి. అమ్మితే మాకు లాభవే."

"మరెందుకు అమ్మలేదు?"

"గుమ్మంలో నిలబడి మీరు చూసిన చూపుకి ధైర్యం చాల్లేదండీ," అని అతను మళ్ళీ టార్చి నోట్లో పెట్టుకున్నాడు.

ప్రసన్నకు ఈసారి నవ్వొచ్చింది. వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మోహన్ తరచుగా రావడం మొదలుపెట్టాడు. మొదట దుమ్ము దులిపాడు. లోపలున్న గుండ్రటి సెల్లు చచ్చిపోయి తేదీ రోజూ వెనక్కి పోతోందని దాన్ని మార్చాడు. అరుస్తున్న పాత డిస్కు తీసేసి కొత్తది పెట్టాడు. ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, "ఇది బీరువాలో పెట్టుకోండి, సిస్టం పక్కన కాదు," అని ఇచ్చాడు. పెళ్ళివాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవులు ముందు లాప్‌టాప్‌లో పెట్టి చూడాలనీ, తిన్నగా సిస్టంకి గుచ్చకూడదనీ కట్టడి చేశాడు.

వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే, "నెట్టు వైరు ముట్టుకోలేదు కదండీ?" అని అడిగేవాడు.

"ఆవకాయ తినలేదు కదా అని డాక్టరు అడిగినట్టుందండీ."

"తిన్నారా?"

"వాసన చూసేను."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుండగా ప్రసన్న చేస్తున్న కార్డు సేవ్ చేసి, ఫైళ్ళు ఎలా పెట్టుకుందో అతనికి చూపించింది. ఇంటికో ఫోల్డరు. పెద్దపిల్ల కార్డు తెరిచి, పేర్లూ తేదీ మార్చేస్తే చిన్నపిల్ల కార్డు తయారు.

"ప్రతిసారీ కొత్తగా కొట్టరా?"

"ఎందుకండీ? ఇంటిపేరు మారదు, ఊరు మారదు, తాతగారు మారరు. పెళ్ళికొడుకొక్కడే మారతాడు."

"అయితే మా అక్క కార్డు కూడా ఉండుండాలే."

ఉంది. 'తమ రాకను కోరు అబ్బులు, చిన్నమ్మలు దంపతులు' అన్నచోట మోహన్ చూపు ఆగిపోయింది. యూపీఎస్ ఊపిరి ఆగేదాకా అక్కడే ఉంది.

తెర నల్లబడ్డాక అతనే చెప్పాడు. వాళ్ళ నాన్న అబ్బులు గారు సఖినేటిపల్లి రేవులో పంటు నడిపేవారు. బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటిస్తూనే ఆయన వయసైపోయింది. ఆయన పోయినప్పుడు మోహన్ కువైట్‌లో ఉన్నాడు. పనిచేసే చోట సెలవివ్వలేదు. దహనం ఎవరో ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే చూశాడు, సగంలో సిగ్నలు పోయింది.

"అలిసిపోయేనండీ," అన్నాడు. "పనికి కాదు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ మళ్ళీ ఎప్పుడెళ్తావు, మళ్ళీ ఎప్పుడెళ్తావు అని ఒకటే అడగడం."

"నన్నూ అడుగుతారండీ. ప్రశ్న వేరు, అంతే."

కరెంటు కోసం చూస్తూ ఇద్దరూ ఆ మసక వెలుగులో కూర్చున్నారు. ఎవరి పక్కనైనా అలా ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయిందో ప్రసన్నకు గుర్తురాలేదు.

"వెళ్తున్నారా మరి?" అంది చివరికి.

"వీసా వచ్చిందండీ. శ్రావణంలో చెల్లి పెళ్ళవగానే ప్రయాణం."

"మంచిదండీ," అంది ప్రసన్న. మంచిది కాదని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ లేని మనిషి మళ్ళీ లేకపోతే ఏమవుతుందని తనను తాను కేకలేసుకుంది. మనసు వినలేదు. అతనంటే ఇష్టం కలిగింది, ఆ ఇష్టానికి అప్పుడే గడువు కూడా పడిపోయింది.

వారం తిరక్కుండానే చిన్నమ్మలు గారు కొడుకుని వెంటబెట్టుకుని చెల్లి కార్డు పురమాయించడానికి వచ్చారు. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. పెళ్ళికొడుకు వివరాలు చెప్పి, "పెద్దదాని కార్డులాగే ఉండాలమ్మా," అన్నారు.

ఆ మధ్యాహ్నం ప్రసన్న అక్క కార్డు తెరిచింది. శ్రావణం పనులు తలకు మించి ఉన్నాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. పెళ్ళికూతురి పేరు మార్చింది, పెళ్ళికొడుకు పేరు మార్చింది. పెళ్ళి తేదీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని తర్వాత అతను ఇక్కడ ఉండడు. ఆ తేదీ కొట్టి, దానివైపు చూస్తూ కూర్చుని, కళ్ళు తుడుచుకుని ఫైలు సేవ్ చేసింది. ప్రూఫు లాప్‌టాప్‌లోంచి మోహన్ ఫోన్‌కి పంపింది. సాయంత్రం ఎప్పటికో 'ఓకే' అని వచ్చింది. కార్డులు అచ్చయిపోయాయి.

కట్టలు తీసుకెళ్ళడానికి తల్లీకొడుకులు వచ్చిన రోజు కూడా వానే. మాణిక్యాలరావు గారు కట్ట విప్పి, పైకార్డు చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"తమ రాకను కోరు అబ్బులు..."

ఆయన అక్కడే ఆగిపోయారు. ప్రసన్న లేచి కార్డువైపు చూసింది. ఆ లైను మార్చలేదు. పోయినాయన పేరు ముందు పెట్టాల్సింది పెట్టకుండా, ఆయనే గుమ్మంలో నిలబడి పిలుస్తున్నట్టు వదిలేసింది.

"చూసేరా!" అని మాణిక్యాలరావు గారు ఎగిరిపడ్డారు. "ఈ పాత డబ్బా వద్దని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా? దీని సంగతి ఇవాళే తేల్చేత్తాను!"

"దాని తప్పు కాదండీ," అంది ప్రసన్న. "అది నేను కొట్టిందే చూపించింది. పాత కార్డులో పేరు మార్చడం నేనే మర్చిపోయేను. దాన్ని ఉంచినా, నన్ను పొమ్మన్నా మీ ఇష్టం." ఆ మాటతో తన పని తనే ఊడగొట్టుకున్నానని తెలుస్తూనే ఉంది. చిన్నమ్మలు గారివైపు తిరిగి, "క్షమించండమ్మా," అంది.

"ఆవిడొక్కరిదే కాదండీ," అన్నాడు మోహన్. "ప్రూఫులో నేను చూసేను."

"చూసే ఓకే అన్నావా?" అన్నారు మాణిక్యాలరావు గారు.

"అన్నానండీ. మార్చమని కొట్టబోయేను, చెయ్యి రాలేదు. ఆయన్ని సాగనంపలేదు కదండీ నేను. పేరు అలా మామూలుగా ఉంటే, ఇంట్లోనే ఉన్నారనిపించింది."

చిన్నమ్మలు గారు కుర్చీలో కూర్చుని, కార్డు ఒళ్ళో పెట్టుకుని, ఆ పేరుమీద వేలితో నిమిరారు.

"ఆయన పిలిస్తే రేవు అవతలోళ్ళు కూడా వచ్చేసేవోరు," అన్నారు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచారు. "ఇవి పంచకూడదమ్మా. మళ్ళీ కొట్టు. ఇందులో ఒక్కటి మాత్రం నేను పట్టికెళ్తాను."

మాణిక్యాలరావు గారి కోపం సగం దిగింది. మిగతా సగం మోహన్ మీదికి తిప్పారు. "ఆవిడే సరే అన్నాక నాదేవుంది. కానీ ఒక్క మాట చెప్పు. కంపెనీయే వదిలేసిన సిస్టంకి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. నువ్వా, విమానం ఎక్కేత్తావు. ఇది మొరాయించిన రోజు నేనెవర్ని పిలవాలి?"

"నన్నే పిలవండి. ఎక్కట్లేదండీ."

చిన్నమ్మలు గారు కొడుకువైపు చూశారు. "ఎప్పుడనుకున్నావురా?"

"ప్రూఫు చూసిన రోజే. ఏజెంటుకి చెప్పేసేను. నీకు చెప్తే వెళ్ళమంటావేమోనని..."

"నేనెప్పుడు వెళ్ళమన్నాన్రా?" అన్నారావిడ. ఆ తర్వాత మళ్ళీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"నెలకోసారి వచ్చి చూసుకుంటానండీ," అని మోహన్ మాణిక్యాలరావు గారికి మాటిచ్చాడు. ఆయన ఏదో గొణుక్కుంటూ, మళ్ళీ కాగితం కోయించడానికి లోపలికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, "కూర్చుని కొట్టమ్మాయ్, చూస్తావేం?" అన్నారు.

ప్రసన్న కూర్చుంది. 'తమ రాకను కోరు' దగ్గర చిన్నమ్మలు గారి పేరొక్కటే ఉంచి, పైన పెళ్ళికూతురి తండ్రిగా అబ్బులు గారి పేరు ముందు 'కీర్తిశేషులు' అని నెమ్మదిగా కొట్టింది. మోహన్ వెనకే నిలబడి చూశాడు. ఆ మాట పూర్తయ్యాక పెద్దగా ఊపిరి వదిలాడు.

ఇలాంటి మాటలు అనడానికి ముందు మనుషులు చాలా ఆలోచిస్తారంటారు. ప్రసన్నకు ఆలోచించే ఓపిక కూడా అయిపోయింది. అందుకే తల తిప్పకుండానే అనేసింది.

"నెలకోసారి చాలదండీ."

"ఏం, మళ్ళీ ఏవైనా అరుస్తోందా?"

"సిస్టం బానే ఉంది. నాకు చాలదు."

రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అనవసరంగా నోరు జారానేమోనని ప్రసన్న తిరిగి చూసింది. మోహన్ చెవులదాకా ఎర్రబడి, ఏం చెయ్యాలో తెలీనట్టు నిలబడి ఉన్నాడు.

"నాకూ చాలదండీ," అన్నాడు. "ఎలా చెప్పాలో తెలీక నెలకోసారన్నాను."

గుమ్మం దగ్గర గొడుగు విప్పబోతున్న చిన్నమ్మలు గారు మళ్ళీ మడిచారు.

"ఏమ్మా, మీ అమ్మగారు సాయంత్రం ఇంటికాడ ఉంటారా?"

"మోకాళ్ళ నొప్పులండీ. ఎక్కడికీ వెళ్ళరు."

"అయితే దార్లో దిగి పలకరిస్తాం. ఆషాఢంలో సంబంధం మాట ఎత్తకూడదు. అంచేత ఇవాళ మోకాళ్ళ మాటే మాట్లాడతాం. నావీ నొప్పులే."

"ఆయ్," అంది ప్రసన్న. ఈసారి నవ్వితే ఆమెకు దవడలు నొప్పిపుట్టలేదు.