సీనియారిటీ ప్రకారం కన్నీళ్లు

"ఎందుకు నవ్వుతున్నారు?" అడిగాడు సెలోర్మ్.

"మీ మొహంలో ఆశ చూసి," అంది అకోర్ఫా, సోబోలో షర్బత్ గ్లాసుల ట్రే దించకుండానే.

బెటాలియన్ లెబనాన్‌లో శాంతిని కాపాడడానికి వెళ్లింది. ఇక్కడ బ్యారక్స్‌లో వాళ్ల ఇళ్ల శాంతి కోసం రాజధాని అక్రా నుంచి ఒక కౌన్సెలర్‌ని పంపారు. అతనే సెలోర్మ్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు, ఎవరైనా ఏడిస్తే ఇవ్వడానికి పెద్ద టిష్యూ డబ్బా. వారాలు గడిచినా డబ్బా తెరవలేదు.

తెరిచే పనే పడదు. హాల్లో భార్యలు భర్తల ర్యాంకు ప్రకారం కూర్చుంటారు. ముందు మెత్తటి కుర్చీల్లో ఆఫీసర్ల భార్యలు, చివర బల్లల మీద కార్పొరల్ భార్యలు. పిల్లలు బస్సాట ఆడినా డ్రైవరు ఎప్పుడూ కల్నల్ గారబ్బాయే. పాస్టర్ గారి ప్రార్థనకే సగం సమయం పోతుంది. తర్వాత కల్నల్ భార్య మేడమ్ బోతేమా నల్ల కళ్లద్దాలు సర్దుకుని, "దేవుడి దయవల్ల ఇక్కడందరూ సంతోషమే," అంటుంది. పై ర్యాంకు సంతోషంగా ఉంటే కింది ర్యాంకు ఏడవొచ్చా? అందరూ "ఆమెన్" అంటారు. మొర వినేముందు దేవుడు ర్యాంకు అడగడు. ఈ హాలు ఎందుకు అడుగుతుందో మరి!

"మీ అమ్మగారు కూడా సంతోషమేనా?" అకోర్ఫాని అడిగాడు సెలోర్మ్.

"రోజూ నాన్న కంచం కూడా పెట్టి, కాసేపు చూసి తీసేస్తుంది. తనూ సరిగ్గా తినదు. ఇక్కడికొచ్చి ఆమెన్ అంటుంది. సార్జంట్ భార్య కదా!"

"మరి వీళ్లంతా మనసు విప్పేది ఎక్కడ?"

"కుళాయి దగ్గర. బకెట్లకి ర్యాంకు లేదు."

మర్నాడు సెలోర్మ్ బకెట్ పట్టుకుని లైన్లో నిలబడ్డాడు.

"ఇంట్లో నీళ్లు మోసే పెళ్లాం లేదా, కౌన్సెలర్ గారూ?" అందొక ఆంటీ.

"వెతుకుతున్నానండీ."

"కుళాయి దగ్గరా?"

అకోర్ఫా తల దించుకుంది. ఇంతలో వాన. ఇద్దరూ ఒకే రేకు కిందకి పరిగెత్తారు. అతని బకెట్ ఆమె చెప్పుల మీద ఒలికింది.

"పట్టుకోవడం కూడా రాదా?"

"నేర్పండి."

నేర్పింది. కానీ కుళాయి దగ్గర చెప్పుకున్న కష్టాలు అక్రా ఆఫీసు లెక్కలోకి రావు. అందరూ సంతోషంగానే ఉన్నారట కాబట్టి శుక్రవారంతో కౌన్సెలింగ్ బంద్, తిరిగి రమ్మంది.

"వెళ్లిపోతారా?"

"ఆర్డర్ వచ్చింది."

"మా నాన్నా ఇదే అన్నాడు," అని ఆమె బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం మేడమ్ "అందరూ సంతోషమే" అంది. ఆమెన్ రాకముందే వెనక నుంచి అకోర్ఫా లేచింది.

"నేను కాదు, మేడమ్."

"ఎవరి తాలూకు?" ముందు వరస గుసగుసలాడింది.

"సార్జంట్ కూతుర్ని. మా అమ్మ సరిగ్గా తినడం మానేసింది. ఎదురుచూపులు చాలని, సైనికుణ్ణి ప్రేమించకూడదని ఒట్టేసుకున్నాను. తీరా బకెట్ పట్టడం రాని ఈ మనిషి కూడా వెళ్లిపోతున్నాడు. నాకు బాధగా ఉంది. రాసుకోండి!"

సెలోర్మ్ చేతిలోంచి పెన్ను జారింది. హాలంతా మేడమ్ వైపు చూసింది. ఆమె మెల్లగా కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మా ఆయన ఫోన్ చేస్తే జనరేటర్ ఎలా ఉందని అడుగుతారు," అంది. "నేనెలా ఉన్నానని అడగరు. ఆ డబ్బా ఇలా ఇవ్వు, బాబూ."

మేడమ్ ఏడ్చాక మేజర్ భార్య ఏడ్చింది. తర్వాత కెప్టెన్ల భార్యలు. కార్పొరల్ భార్యలు టిష్యూలు చేత పట్టుకుని తమ వంతు కోసం క్రమశిక్షణగా ఆగారు.

గోల సద్దుమణిగాక సెలోర్మ్ అకోర్ఫా దగ్గరికి వచ్చాడు. "ఇదంతా రాసి పంపితే ఆఫీసు ఇక కౌన్సెలింగ్ ఆపమనదు. కానీ మీరలా అన్నాక నేను మీకు కౌన్సెలింగ్ ఇవ్వకూడదు. రూలు."

"అది అమ్మకివ్వండి. నాతో ఊరికే మాట్లాడండి."

వాళ్లమ్మ ముక్కు తుడుచుకుంటూ మధ్యలోకొచ్చింది. "సాయంత్రం ఇంటికి రా, అబ్బాయ్. మొక్కజొన్న పిండితో బాంకు ముద్ద చేస్తాను. వాళ్ల నాన్న కంచం ఖాళీగానే ఉంది. నువ్వు తింటుంటే నేనూ నాలుగు ముద్దలు తింటాను."